లారీలు ఎటు పోతాయో చూసి, అటు పోకండి: ప్రాణహిత, గోదావరి ఒడ్డున మూడు రోజుల సైకిల్ దారి

వరంగల్ నుంచి కాళేశ్వరానికి దారి అడిగితే ఫోన్‌లో మ్యాప్ ఎప్పుడూ ఒకటే చూపిస్తుంది: పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్. 110 కిలోమీటర్ల పైచిలుకు. మొదటిసారి నేనూ, మా చెల్లె అట్లనే పోయాం. చెల్పూరు థర్మల్ ప్లాంటు దాటేసరికే ముక్కులో బొగ్గు పొడి, కాటారం తర్వాత ఇసుక లారీలు. హారన్ కొట్టినప్పుడల్లా మట్టిలోకి దిగడం, మళ్లీ రోడ్డెక్కడం, ఇదే పని. ఆ రాత్రి గది అద్దంలో చూసుకుంటే కళ్లద్దాలు పెట్టుకున్న చోట తప్ప మొహమంతా నలుపే.

అప్పుడు అర్థమైంది ఏంటంటే, ఈ ప్రాంతంలో రోడ్లు మనుషుల కోసం కాదు, మూడు సరుకుల కోసం నడుస్తాయి: బొగ్గు, ఇసుక, వడ్లు. ఏది ఏ దారిన, ఏ నెలలో, ఏ పూట పోతుందో తెలుసుకుంటే చాలు, నెమ్మదైన దారి ఎక్కడుందో దానంతటదే తెలుస్తుంది. అందుకే ఇప్పుడు మేం వరంగల్ నుంచి తొక్కుతూ బయల్దేరం. రైలెక్కి మంచిర్యాలలో దిగి, చెన్నూరు మీదుగా ప్రాణహిత దాటి, సిరోంచ నుంచి గోదావరి దాటి కాళేశ్వరం వచ్చి, మంథని మీదుగా పెద్దపల్లిలో మళ్లీ రైలెక్కుతాం. మూడు రోజులు, రెండు నదులు, రెండు రాష్ట్రాలు.

రైలు సంగతి ముందు. కాజీపేట నుంచి మంచిర్యాలకు బండ్లు బాగానే ఉంటాయి, కానీ మీరు ఎక్కే బండిలో సైకిల్ లగేజీగా బుక్ అవుతుందా లేదా అని ఒక రోజు ముందే పార్శిల్ ఆఫీసులో అడగండి, బండి టైమ్‌కు గంటన్నర ముందే స్టేషన్‌లో ఉండండి. పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, గేర్ల దగ్గర పాత గోనెసంచి చుట్టి తాడుతో కట్టండి. ఒకసారి ఈ పని చేయకుండా ఇచ్చేస్తే, దింపేటప్పుడు గేర్ హ్యాంగర్ వంగిపోయి వచ్చింది, మూడు రోజులూ ఒకటే గేరుతో తొక్కాను.

మంచిర్యాల నుంచి చెన్నూరు దాదాపు 40 కిలోమీటర్లు, జాతీయ రహదారి 63. జైపూర్ దగ్గర సింగరేణి వాళ్ల విద్యుత్ కేంద్రం ఉంది కాబట్టి అక్కడిదాకా లారీలు తప్పవు. పొద్దుగాల ఆరింటికల్లా బయల్దేరితే ఆ ముక్కను ముందే దాటేయొచ్చు. భీమారం దాటాక ఊపిరి పీల్చుకోవచ్చు. మొదటి రోజు అంతకంటే ఎక్కువ పెట్టుకోకండి. చెన్నూరులో గోదావరి కొంత దూరం ఉత్తరానికి తిరిగి పారుతుంది, దాన్నే ఉత్తర వాహిని అంటారు, సాయంత్రం ఆ ఒడ్డున కూర్చోవడానికి టైమ్ మిగలాలి. లాడ్జీలు తక్కువ, ఫోన్ చేసి గది ఖాయం చేసుకున్నాకే బయల్దేరండి, ముఖ్యంగా ఆడవాళ్లు మాత్రమే వెళ్తుంటే.

రెండో రోజే అసలు రోజు. చెన్నూరు నుంచి కోటపల్లి మీదుగా ప్రాణహిత వంతెన దాకా పత్తి చేలు, వాటి వెనకే టేకు అడవి. ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే చైన్ చప్పుడు మనకే వినిపిస్తుంది. కానీ ఈ అడవుల్లోకి మహారాష్ట్ర నుంచి నది దాటి పులులు వస్తుంటాయి, ఇది భయపెట్టడానికి చెప్తున్న మాట కాదు. కాబట్టి బాగా తెల్లవారాక బయల్దేరండి, పొద్దుగూకే లోపల అడవి దాటేయండి, ఫొటో కోసమో పక్కకు వెళ్లడానికో రోడ్డు దిగి లోపలికి పోకండి. సిగ్నల్ కూడా మధ్యమధ్యలో పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత అవుతుంది, అక్కడి నుంచి కాళేశ్వరం దాకా 113 కిలోమీటర్లు రెండు రాష్ట్రాలకు అదే సరిహద్దు. వంతెన రాకముందు ఇక్కడ పడవలే దిక్కు. ఇప్పుడు వంతెన మీద నుంచి తొక్కుతుంటే అవతలి ఒడ్డు మహారాష్ట్ర అన్న సంగతి బోర్డులు చూస్తే తప్ప తెలియదు. సిరోంచలో బోర్డులన్నీ మరాఠీలో, మాటలు మాత్రం చాలావరకు తెలుగులో. చాయ్ హోటల్లో వచ్చీరాని హిందీలో మొదలుపెట్టిన మమ్మల్ని చూసి హోటలాయన నవ్వి, “తెలుగుల చెప్పుర్రి అక్కా” అన్నాడు. ఇది గడ్చిరోలి జిల్లా, దారిలో పోలీసులు ఆపి అడగొచ్చు. ఆధార్ కార్డు పైకే ఉంచుకోండి, ఎక్కడి నుంచి ఎక్కడికో సూటిగా చెప్పండి, పోలీసు క్యాంపుల వైపు కెమెరా ఎత్తకండి. డ్రోన్ అయితే ఇంట్లోనే పెట్టి రండి.

సిరోంచ దాటి గోదావరి వంతెన ఎక్కితే అవతల కాళేశ్వరం. వంతెన మధ్యలో ఆగి చూడండి. చలికాలంలో పైనుంచి వచ్చే గోదావరి పాయ సన్నగా, ఇసుక మేటల మధ్య దారి వెతుక్కుంటున్నట్టు ఉంటుంది, పైనున్న శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి ప్రాజెక్టులు పట్టుకున్నాక మిగిలింది అంతే. ప్రాణహిత మాత్రం నిండుగా వస్తుంది. పేరు గోదావరిదే అయినా ఇక్కడి నుంచి కింద పారే నీళ్లలో ఎక్కువ వాటా ప్రాణహితదే అని చూస్తేనే తెలిసిపోతుంది. ఇంకో మాట, కిందున్న మేడిగడ్డ బరాజ్ మీదుగా నది దాటొచ్చని ఎవరైనా చెప్పినా, మ్యాప్ చూపించినా ప్లాన్ దాని మీద పెట్టుకోకండి. 2023 అక్టోబర్‌లో బరాజ్ పియర్లు (స్తంభాలు) కుంగాక అక్కడ రాకపోకలు ఆపేశారు.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, గుడికి ఎట్లాగూ వెళ్తారు. గదులు దొరుకుతాయి, కానీ కార్తీక మాసంలో, శివరాత్రికి మాత్రం ఆశ వదులుకోండి. 2027లో గోదావరి పుష్కరాలు, ఆ రోజుల్లో ఈ రోడ్లన్నీ బస్సులవే.

మూడో రోజు కొంచెం ఓపిక కావాలి. మహదేవపూర్, కాటారం, మంథని, పెద్దపల్లి, అంతా కలిపి 95 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఒక్క రోజులో వద్దనుకుంటే మంథనిలో ఆగండి, పాత ఇళ్లు, గోదావరి రేవు, చూడటానికి సగం రోజైనా పడుతుంది. కాటారం దాకా ఇసుక లారీలు ఉంటాయి. లారీ కంటే కూడా అది వదిలిపెట్టి పోయేదే ప్రమాదం. తడి ఇసుక నింపిన లారీ నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, ఆ నీళ్లతో పాటు ఇసుక కూడా. మలుపుల దగ్గర, స్పీడ్ బ్రేకర్ల తర్వాత తారు మీద సన్నగా పేరుకుంటుంది, నీళ్లు ఆరిపోయాక రోడ్డు రంగులోనే కలిసిపోతుంది. మహదేవపూర్ దాటాక ఒక మలుపులో ముందు బ్రేకు పట్టిందే ఆలస్యం, చక్రం కాళ్ల కింద నుంచి ఎవరో లాగేసినట్టు పోయింది. మోకాలు మీద మచ్చ ఇప్పటికీ ఉంది. మలుపుకు ముందే స్పీడ్ తగ్గించుకోండి, మలుపులో ముందు బ్రేకు ముట్టుకోకండి, హ్యాండిల్ నిటారుగా ఉంచి దాటండి.

ఇక వడ్లు. నవంబర్, డిసెంబర్‌లో, మళ్లీ ఏప్రిల్, మేలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచుల వెంట రాళ్లు పేర్చి ఉంటాయి. పగలు ఇబ్బంది లేదు, చీకటి పడితే ఆ రాళ్లు కనపడవు. వడ్ల మీద నుంచి మాత్రం ఎక్కించకండి, అది ఆరు నెలల కష్టం. కాటారం దగ్గర దిగి నడిపించుకుంటూ పోతుంటే వడ్లు తిరగేస్తున్న ఒక అవ్వ ఆపింది.

“ఏడికి వోతున్నరు బిడ్డా?”

“మంథని అవ్వా.”

“ఆడోళ్లకు బస్సు ఫ్రీయే గదా, సైకిలెందుకు?”

మా చెల్లె ఏదో చెప్పబోయింది కానీ నిజానికి దానికి జవాబు లేదు.

మూడు రోజులు కుదరని వాళ్లకు వరంగల్ నుంచి ఒక్క రోజు దారి కూడా ఉంది. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర హైవే వదిలేసి పాలంపేట వైపు తిరగండి, రామప్ప చూసుకుని గణపురం కోటగుళ్ల దాకా పల్లె రోడ్లే, చెరువు కట్టలు, పొలాలు. ములుగు దాకా సైకిల్‌ను కారులోనో ఆటో ట్రాలీలోనో వేసుకుపోతే ఇంకా హాయి. మేడారం జాతర జరిగే ఏడాది జనవరి, ఫిబ్రవరిలో మాత్రం ఇటు రాకండి.

వానాకాలం అసలే వద్దు. రామప్పకు దగ్గర్లోని లక్ష్మీదేవిపేటలో 2023 జులైలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్ల పైన వాన పడింది, అదే వానకు మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. ఇక్కడి వాగులు అడిగి రావు. లో లెవల్ వంతెన మీద చీలమండ దాకా నీళ్లున్నా సరే, ఆగండి. నవంబర్ నడిమి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా సరైన కాలం.

సైకిల్ ఖరీదైనది కానక్కర్లేదు, మామూలు హైబ్రిడ్ చాలు, టైర్లు 35 మిల్లీమీటర్ల పైన ఉంటే మేలు. తుమ్మ ముళ్లు మాత్రం వదిలిపెట్టవు. రెండు ట్యూబులు, ప్యాచులు, సొల్యూషన్, పంపు మీ దగ్గరే ఉండాలి. ఊళ్లో పంక్చర్ షాపులు ఉంటాయి కానీ సన్న వాల్వు ట్యూబుకు అక్కడి గాలి పైపు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ కొని వాల్వుకే తగిలించి పెట్టుకోండి. ట్యూబ్ మార్చే ముందు టైర్ లోపలి వైపు వేలితో మెల్లగా తడమండి, విరిగిన ముల్లు మొన అక్కడే ఉండి కొత్త ట్యూబును కూడా గుచ్చుతుంది. నీళ్ల కోసం ఊళ్లలో ఆర్వో ప్లాంట్లు ఉంటాయి, చిల్లర దగ్గర పెట్టుకోండి. తినడానికి సర్వపిండి కట్టుకుపోండి, సకినాలైతే మొదటి గుంతకే పొడి అవుతాయి.

పెద్దపల్లి స్టేషన్‌కు చేరాక రైలెక్కే ముందే బ్రేక్ ప్యాడ్లు ఒకసారి చూసుకోండి. ఇసుక రేణువులు వాటిలో ఇరుక్కుంటే బ్రేకు పట్టినప్పుడల్లా రిమ్మును గీస్తాయి. సేఫ్టీ పిన్నుతో తీసేయండి, చైన్ పొడి గుడ్డతో తుడవండి. నూనె మాత్రం ఇంటికి వచ్చి కడిగాకే వేయండి, ఇసుక ఉండగా వేస్తే చైన్ మొత్తం గరగరలాడుతుంది.