జంట చదువు సాగడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

బాగా చదివే బిడ్డనూ, కూడబలుక్కుని చదివే బిడ్డనూ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే పుస్తకం వంతులవారీగా చదివించడమే జంట చదువు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న 'పాల్స్' పద్ధతిలో ముందు బాగా చదివేవారు ఐదు నిమిషాలు చదువుతారు, తర్వాత రెండోవారు అదే భాగాన్ని ఐదు నిమిషాలు చదువుతారు. రెండు నుంచి ఐదో తరగతి దాకా తెలుగుకు ఇది బాగా పనికొస్తుంది. ఆగిపోయిన చోట 'వీడికి ఆసక్తి లేదు' అని తేల్చేసే ముందు కింది విషయాలు చూడండి.

వెనకబడిన బిడ్డ నోరు మెదపడం లేదు

చాలాసార్లు కారణం జత కుదరకపోవడమే. ఫస్ట్ వచ్చేవాడి పక్కన ఆఖరివాడిని కూర్చోబెడితే వీడు సిగ్గుతో ముడుచుకుపోతాడు, వాడు విసుక్కుంటాడు. అందరిచేతా ముందు చూడని ఒకే పేరా నిమిషంసేపు చదివించి, సరిగ్గా చదివిన పదాలు లెక్కపెట్టి వరుస రాసుకోండి. ఇరవై మంది ఉంటే జాబితాను సగానికి విడదీసి 1తో 11, 2తో 12, ఇలా 10తో 20 దాకా కలపండి. ఒకరు మిగిలితే ముగ్గురి జట్టు వేయండి. ఆ జాబితా పిల్లల కంట పడకూడదు. నాలుగు వారాలకోసారి జతలు మార్చండి.

తడబడగానే పక్కవాడు పదం అందించేస్తున్నాడు

సరిదిద్దడం ఎలాగో ఎవరూ నేర్పకపోతే ఇలాగే అవుతుంది. మొదటి వారం చదువు కన్నా దీని మీదే సమయం పెట్టండి. వింటున్న బిడ్డ తప్పు వినగానే "ఆగు, ఈ పదం మళ్లీ చూడు" అని వేలు పెట్టి చూపాలి. మనసులో నాలుగు లెక్కపెట్టాలి. అప్పటికీ రాకపోతే తనే చెప్పాలి. చదివే బిడ్డ ఆ పదాన్ని పలికి, వాక్యాన్ని మొదటినుంచి చదవాలి. ఈ చివరి మెట్టునే పిల్లలు ఎగ్గొడతారు. అది లేకపోతే సరిదిద్దిన పదం మరుసటి పేజీకే మళ్లీ తప్పుతుంది.

ఏది తప్పో కూడా ముందే చెప్పాలి. 'పాలు' బదులు 'పలు', 'ఎద్దు' బదులు 'ఎదు', మ-య తారుమారు కావడం, ఇలాంటివన్నీ తప్పులే. 'వచ్చాడు' అని ఉన్నచోట 'వచ్చిండు' అంటే మాత్రం ఆపొద్దు, బిడ్డకు అర్థమయ్యే అలా అన్నది. ఇంటి యాసను తప్పుపట్టడం మొదలైతే ఆ బిడ్డ మళ్లీ నోరు తెరవడం కష్టం.

పుస్తకం చూడకుండానే గడగడా అప్పజెబుతోంది

పాఠం మరీ చిన్నది, లేదా ముందే నోటికొచ్చిన గేయం. 60 నుంచి 100 పదాల వచనం ఇవ్వండి. అనుమానం ఉంటే మధ్యలోని ఒక పదం మీద వేలు పెట్టి అడగండి.

వాక్యవాక్యానికీ ఆగిపోతోంది

పుస్తకం కష్టమైనది. ఇరవై పదాల్లో మూడు తప్పితే మార్చేయండి. పుస్తకం ఎప్పుడూ రెండో బిడ్డ స్థాయిది కావాలి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి. 'వెళ్లిపోతున్నారట' లాంటి పొడవాటి పదాలు వస్తే పెన్సిల్‌తో వెళ్లి / పోతున్నా / రట అని సన్నని గీతలు గీసి ఇవ్వండి.

రెండు వారాలకే ఉత్సాహం చల్లారింది

ఎవరు వేగంగా చదువుతారన్న పోటీ పెట్టి ఉంటారు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పేందుకు కేంద్రం చేపట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45-60 పదాలని ఉండటంతో గడియారం పట్టుకుని కూర్చోవడం మామూలైపోయింది. ఆ లెక్క నెలకోసారి చూసుకుంటే చాలు. సరిదిద్దుకుని మళ్లీ చదివిన ప్రతి వాక్యానికీ జంటకు ఒక మార్కు వేయండి, ఒక్కరికే వేయకండి. చదవడం అయ్యాక రెండు నిమిషాలు కథను వరుసగా చెప్పించండి. రెండు పుస్తకాలు చూపి ఏది కావాలో జంటనే తేల్చుకోనివ్వండి.

గదంతా గోల

ఎదురెదురుగా కాక భుజాలు తగిలేలా కూర్చోబెట్టండి, గొంతులు వాటంతటవే తగ్గుతాయి.

నాలుగు వారాలైనా కదలిక లేదు

గుణింతాలు, ఒత్తులు విడిగా చూపించి అడగండి. అవే రాని బిడ్డకు జంట చదువు అక్కరకు రాదు, ముందు రోజూ పది నిమిషాలు అక్షరాల పని చేయించాలి. అవి వచ్చినా పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుంటుంటే కంటి పరీక్షకు తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.