డైరీ నిండుగా, మనిషి నీరసంగా: ఒక్కరే నడిపే కౌన్సెలింగ్ ప్రాక్టీసుకి రిపేరు

ప్రాక్టీసు గాడి తప్పిందని నా దగ్గరకు వచ్చే కౌన్సెలర్లు చాలామంది అప్పటికే మూడు పనులు చేసి ఉంటారు. వెబ్‌సైటు మార్చి ఉంటారు, ఇంకో సర్టిఫికెట్ కోర్సులో చేరి ఉంటారు, గదిలోకి కొత్త కుర్చీలు కొని ఉంటారు. చేయని పని ఒక్కటే: అపాయింట్‌మెంట్ డైరీనీ లెక్కల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని గడిచిన మూడు నెలలూ వరుసగా చదవడం. మహా అయితే ఒక సాయంత్రం పడుతుంది. ఫ్యూజు పోయిందేమో చూడకుండా ఇంటి వైరింగంతా మార్పించే మనిషిని చూస్తే ఎలా ఉంటుందో, నాకు అలా ఉంటుంది.

కాబట్టి ముందు ఆ రెండు పుస్తకాలూ తెచ్చుకోండి. రిజిస్ట్రేషన్, రికార్డుల గోప్యత, సూపర్‌విజన్ (మీ కేసుల గురించి అనుభవమున్న మరో కౌన్సెలర్‌తో క్రమంగా మాట్లాడుకోవడం) సక్రమంగానే ఉన్నాయనుకుని రాస్తున్నాను. లేకపోతే వాటి సంగతి చూసుకుని రండి.

లక్షణం: డైరీ నిండింది, డబ్బు మిగలదు

ఇది చాలాసార్లు ఉత్త లెక్క తప్పు. వారానికి 20 సెషన్లు, ఏడాదికి 52 వారాలు, మొత్తం 1,040 అనుకుని ఫీజు పెట్టేస్తారు. సెలవులు, జ్వరాలు, శిక్షణ కలిపి ఆరు వారాలు తీసేస్తే 920. పదింట ఒకటి రద్దయిందనుకుంటే 828. మీరు నమ్ముకున్నవాటిలో అయిదో వంతు అసలు జరగనే జరగవు. పైగా 50 నిమిషాల సెషన్ వెనకాల నోట్సు, ఫోన్లు, బిల్లులు ఉంటాయి. వాటికి విడిగా ఎవరూ ఇవ్వరు.

ఏడాది ఖర్చులు, పన్ను, మీ జీతం కలిపి 828తో భాగించండి. మీ అంకె మీకు ఎంతైతే అంతతో. వచ్చింది మీ ఫీజు కన్నా ఎక్కువైతే కారణం దొరికినట్టే. "జీతమా? మిగిలింది నాదే కదా" అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

లక్షణం: మొదటిసారి వచ్చినవాళ్లు రెండోసారి రారు

మీ పరిచయం మీరే ఒకసారి చదవండి. ఆందోళన, దాంపత్యం, పిల్లలు, వ్యసనం, ఆప్తుల మరణం... అన్నిటికీ మీరేనా? మీకు చేతకాని మూడు రకాల సమస్యలు రాసుకోండి. ఒక్కోదానికి ఎవరి దగ్గరకు పంపుతారో పక్కన రాయండి. "ఇది నేను చూడను, ఫలానావారు బాగా చూస్తారు" అని ఫోన్లోనే చెప్పగలిగితే, వచ్చేవాళ్లు సరైనచోటికే వస్తారు.

ఇంకొందరు నిజాయితీ అంటే సొంత కథ చెప్పుకోవడం అనుకుంటారు. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో చికిత్స ఫలించడానికి ఆరు షరతులు చెప్పాడు. అందులో ఒకటి, కౌన్సెలర్ ఆ సంబంధంలో లోపలా బయటా ఒకేలా ఉండటం. లోపలున్నదంతా కక్కేయమని కాదు, లేనిది నటించొద్దని. వచ్చిన మనిషి తన గంటలో మీ విడాకుల గురించి వింటూ కూర్చున్నాడంటే మళ్లీ రాకపోవడంలో వింతేముంది?

లక్షణం: కొన్ని పేర్లు చూస్తే ఒళ్లు బరువెక్కుతుంది

నాకు చేయి కాలింది ఇక్కడే.

పొద్దున్నే డైరీ తెరుస్తారు. నాలుగు గంటల దగ్గర ఒక పేరు. ఇవాళ రాకపోతే బాగుండు అని ఒక్క క్షణం అనిపిస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది. అలసటేమో అనుకుని వారం సెలవు పెడతారు. తిరిగొచ్చాక అదే పేరు, అదే బరువు.

అలాంటి పేర్ల పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టండి. తర్వాత లెక్కల పుస్తకంలో ఆ పేర్లు మాత్రమే వెతకండి. నేను చూసిన ప్రాక్టీసుల్లో చుక్క ఉన్న పేరు దగ్గర మూడింటిలో ఒకటి తప్పకుండా కనపడింది: ఫీజు తగ్గి ఉంటుంది, సెషన్ 50 దాటి 70 నిమిషాలకు సాగుతూ ఉంటుంది, లేదా రాత్రి పదింటికి మెసేజీలకు జవాబులు వెళ్తుంటాయి. ఎందుకని అడిగితే "పాపం" అంటారు. ఎప్పుడు నిర్ణయించారంటే గుర్తుండదు. ఎప్పటిదాకా అంటే మొహం చూస్తారు.

దాని పేరు మొహమాటం. దయలాగే కనపడుతుంది కాబట్టే దొరకదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మీకు తెలిసిందే, ఇక్కడ రాయను.

నా సంగతి చెబుతాను, ఆనవాళ్లు మార్చి. ఉద్యోగం పోయిన ఒకరికి గుమ్మం దగ్గర, చెప్పులు వేసుకుంటుండగా, "ప్రస్తుతానికి సగమివ్వండి చాలు" అన్నాను. ఆయన అడగలేదు. నాకే ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది. ఆ "ప్రస్తుతం" రెండేళ్లు నడిచింది. మధ్యలో ఆయనకు ఉద్యోగం వచ్చింది, ఆ సంగతి సెషన్లోనే చెప్పాడు, నేను అభినందించాను, ఫీజు ఊసెత్తలేదు. ఆ గంటలో గడియారం వైపు ఎక్కువగా చూస్తున్నానని నాకు తెలియలేదు, ఆయనకు తెలిసింది. వెళ్లిపోతూ, "మీకు భారంగా ఉన్నానని ఎప్పుడో అర్థమైందండీ, చెప్పడానికే మొహమాటపడ్డాను" అన్నాడు. ఇతరులకు భారమవుతానేమోనన్న భయంతోనే ఆయన మొదట నా దగ్గరకు వచ్చింది.

దయకీ మొహమాటానికీ తేడా తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష చిన్నది. ఆ మనిషి ఎదురుగా లేనప్పుడు, ముందే రాసుకున్న నిర్ణయమైతే అది మీ విలువ. గుమ్మం దగ్గర నోరు జారిందైతే మొహమాటం.

దెబ్బ కూడా పైకి అనిపించినంత చిన్నది కాదు. పదిమందిలో ముగ్గురికి 30 శాతం తగ్గిస్తే రాబడి 100 నుంచి 91కి వస్తుంది, తొమ్మిదే కదా అనిపిస్తుంది. ఖర్చులు 40 అనుకుందాం, అవి తగ్గవు. మీకు మిగిలేది 60 నుంచి 51కి పడింది, అంటే 15 శాతం జీతం కోత. ఎవరూ మిమ్మల్ని అడగకుండానే!

పరిష్కారం

తగ్గింపు ఆపేయమని చెప్పడం లేదు. దాన్ని కాగితం మీదకు తెమ్మంటున్నాను. 20 సెషన్లలో తగ్గింపువి ఎన్నో ముందే తేల్చండి, మూడు అనుకోండి. ఒక్కోటి 12 సెషన్లకు, ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. మూడూ నిండితే నాలుగో మనిషికి వెయిటింగ్ లిస్టు, లేదా తక్కువ ఫీజుకి చూసే మరొకరి నంబరు. రద్దు నియమం, సెషన్ల మధ్య మెసేజీల నియమం మొదటి రోజు సంతకం చేసే కాగితంలోనే ఉండాలి. ఫ్రాయిడ్ 1913లోనే డబ్బు విషయం మొదట్లోనే దాపరికం లేకుండా మాట్లాడుకోవాలన్నాడు, కేటాయించిన గంటకి పేషెంటు రాకపోయినా బాధ్యత పేషెంటుదే అన్నాడు. రెండోది నాకు మరీ కరకుగా తోస్తుంది. జ్వరంతో పడుకున్న మనిషికి బిల్లు పంపలేను. అందుకే జబ్బు, చావు లాంటి మినహాయింపులు కూడా అదే కాగితంలో రాసుకున్నాను.

పాతవాళ్లతో మాట్లాడటమే కష్టం. మెసేజ్ పెట్టకండి, ఎదురుగా చెప్పండి. అదీ సెషన్ చివర్లో లేచేటప్పుడు కాదు, మొదటి పది నిమిషాల్లో. ఆ మాట రేపే భావాలకు ఆ గంటలోనే చోటుండాలి. నేను చెప్పేది దాదాపు ఇలా ఉంటుంది: "మీ ఫీజు తగ్గించినప్పుడు ఎప్పటిదాకా అన్నది మాట్లాడుకోలేదు, ఆ పొరపాటు నాది. రెండు నెలల తర్వాత నుంచి ఫీజు ఇంత." అంకె చెప్పి ఆగిపోండి. నాలుక మీదకు "కానీ మీకు ఇబ్బందైతే..." వచ్చేస్తుంది. మింగేయండి. ఇబ్బందుంటే వాళ్లు చెబుతారు, అప్పుడు 12 సెషన్ల లెక్క ఉండనే ఉంది. ఎవరైనా తీవ్రమైన సంక్షోభంలో ఉంటే మాత్రం ఈ సంభాషణ వాయిదా వేయండి, వాయిదా తేదీ డైరీలో రాసి మరీ.

అంకె చెప్పి ఆగిపోయే ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. సూపర్‌వైజర్ ముందు ఆ మాటలు బయటికి మూడుసార్లు అని చూడండి. మొదటిసారి గొంతు వణుకుతుంది, మూడోసారికి మామూలు వాక్యమైపోతుంది.

అరుదైన కారణాలు

పక్కవీధిలో కొత్త ప్రాక్టీసు రావడం, పేరు బాలేకపోవడం, గోడల రంగు. ఉండొచ్చు. పై మూడూ సరిచేసి ఆరు నెలలు చూశాక ఆలోచించండి.

ఫీజు, సమయం, మెసేజీలు అన్నీ దారికొచ్చాక కూడా ఒక పేరు దగ్గర చుక్క చెరగలేదంటే, అది లెక్కల పుస్తకంలో దొరికేది కాదు. ఆ పేరు పట్టుకుని సూపర్‌విజన్‌కి వెళ్లండి.