ఎడిటర్‌లో సేవ్ చేసినా బ్రౌజర్ పెట్టెలో మారడం లేదా?

తెలుగు వికీపీడియాలో పెద్ద వ్యాసం దిద్దాలంటే బ్రౌజర్‌లో పాఠ్యం దిద్దే పెట్టె నాకు ఇరుకు. అందుకే ఫైర్‌ఫాక్స్‌లో, పెట్టెలోని పాఠ్యాన్ని బయటి ఎడిటర్‌కు పంపే టెక్స్‌టర్న్ యాడాన్ పెట్టుకుని, పాఠ్యాన్ని వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో తెరిచి దిద్దుకుంటాను. ఈ ఏర్పాటులో ఎదురయ్యే చిక్కులు కొన్నే.

సమస్య: ఎడిటర్ తెరుచుకుంది, పాఠ్యం కూడా వచ్చింది. సేవ్ కొడితే మాత్రం పెట్టెలో పాతదే ఉంది.

కారణం: యాడాన్ పెట్టెలోని పాఠ్యాన్ని ఒక తాత్కాలిక ఫైలులో రాసి ఎడిటర్‌ను పిలుస్తుంది. ఎడిటర్ నడిచినంతసేపే ఆ ఫైలును కనిపెట్టుకుని ఉంటుంది. వీఎస్ కోడ్ ముందే తెరిచి ఉంటే, దాన్ని పిలిచే కోడ్ (code) కమాండ్ ఫైలును ఆ కిటికీకి అప్పగించి వెంటనే ముగిసిపోతుంది. దాంతో మీరు దిద్దడం అయిపోయిందనుకుని యాడాన్ ఫైలును వదిలేస్తుంది.

పరిష్కారం: యాడాన్ సెట్టింగుల్లో కోడ్ కమాండ్ తర్వాత, ముందు రెండు అడ్డగీతలు పెట్టి వెయిట్ అనే ఆప్షన్‌ను (--wait) విడి పదంగా చేర్చండి. వేరే ఎడిటర్లు వాడితే, జీవిమ్‌కు ఒక అడ్డగీత, చిన్న ఎఫ్ (-f). సబ్లైమ్‌కు ఒక అడ్డగీత, చిన్న డబ్ల్యూ (-w). ఇప్పటికే దిద్దింది ఉంటే టెన్షన్ పడి ఎడిటర్‌లోని ట్యాబ్ మూసేయకండి. అక్కడ కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి, బ్రౌజర్ పెట్టెలో పేస్ట్ చేసుకున్నాకే మూయండి.

సమస్య: అసలు ఎడిటరే తెరుచుకోదు.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చాక పాత తరహా యాడాన్లు ఆగిపోయాయి. ఇప్పటి యాడాన్ బయటి ప్రోగ్రామును తానుగా నడపలేదు, మధ్యలో ఒక సహాయక ప్రోగ్రాం ఉండాలి. చాలామంది యాడాన్ ఒక్కటే వేసి ఊరుకుంటారు. ముందు ఆ సహాయక ప్రోగ్రాం ఉందో లేదో చూడండి. అదీ ఉంటే, ఫైర్‌ఫాక్స్ ఎలా ఇన్‌స్టాల్ అయిందో చూడండి. ఉబుంటు లినక్స్ 22.04లో అది స్నాప్ ప్యాకేజీగా, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన రూపంలో వస్తుంది. స్నాప్ తన గిరి దాటి బయటి ప్రోగ్రాములను నడపనివ్వక అడ్డుపడవచ్చు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సొంత రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ)లోని మామూలు డెబ్ ప్యాకేజీ వేసుకుంటే ఆ అడ్డు ఉండదు.

సమస్య: పెట్టె మీద క్లిక్ చేసి షార్ట్‌కట్ నొక్కినా స్పందన లేదు.

అది మామూలు టెక్స్ట్ పెట్టె కాకపోవచ్చు. వికీలో విజువల్ ఎడిటర్ వదిలి మూలపాఠ్యం సవరించే పద్ధతికి మారండి, రంగుల హైలైటింగ్ కూడా ఆపండి.

సమస్య: తెలుగంతా ప్రశ్నార్థకాలైంది.

పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఆన్సీగా, అంటే తెలుగు అక్షరాలు పట్టని పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేస్తే ఇలా అవుతుంది. అక్కడ సేవ్ యాజ్‌లో, తెలుగు పట్టే ఎన్‌కోడింగ్ అయిన యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. విండోస్ 10 1903 వెర్షన్ నుంచి కొత్త ఫైళ్లకు అదే డిఫాల్ట్. సేవ్ చేసి మూసేసిన ఫైలులోని ప్రశ్నార్థకాల నుంచి అక్షరాలు తిరిగి రావు, పాఠ్యం ఇంకా బ్రౌజర్ పెట్టెలో ఉంటే అక్కడి నుంచే మళ్లీ తీసుకోండి.