తొలి బెరిల్ స్ఫటికం కొనే ముందు

మా నాన్న నెల్లూరు వైపు సైదాపురం దగ్గర మైకా గనిలో మేస్త్రీ. అమ్మ షెడ్డులో కూర్చుని ఆ మైకా, అంటే కాకిబంగారం, రేకులు విడదీసేది. మా ఇంట్లో తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే రాయి ఒకటుండేది. జానెడు పొడవు, ఆరు పలకలు, పాచి పట్టిన చెరువు నీళ్ల రంగు. గనిలోంచి తీసి పారబోసిన దిబ్బలో దొరికితే నాన్న తెచ్చాడు. డిగ్రీలో జియాలజీ తీసుకున్నాక ల్యాబ్‌లో మేడం చేతిలో పెట్టిన నమూనా చూడగానే మా తలుపు రాయి గుర్తొచ్చింది. అది బెరిల్ అనే ఖనిజం. అప్పటినుంచి వాటిని పోగుచేస్తూనే ఉన్నాను. నా బీరువాలో ఇప్పుడు నూట పన్నెండు బెరిల్ స్ఫటికాలున్నాయి. ఒకటో నంబరు ఆ తలుపు రాయిదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగే మొదటి మాట "మేడం, మంచి పచ్చ ఎక్కడ దొరుకుతుంది?" అని. పచ్చతో మొదలుపెట్టొద్దని చెబుతాను. కారణం ముందు ముందు మీకే తెలుస్తుంది.

పచ్చ, అక్వామెరైన్ వేరు వేరు రాళ్లు కావు. రెండూ బెరిలే. మలినం లేని బెరిల్‌కు రంగుండదు. అందులో కొంచెం ఇనుము చేరితే లేత నీలం అక్వామెరైన్ అవుతుంది. అదే ఇనుము మరో రూపంలో ఉంటే పసుపు హీలియోడార్. మాంగనీసు చేరితే గులాబీరంగు మోర్గనైట్. క్రోమియమో వనేడియమో చేరితేనే మరకతం, అంటే మన జాతిపచ్చ. ఇనుము వల్ల ఆకుపచ్చగా కనిపించే బెరిల్‌ను పచ్చ అని అమ్మేవాళ్లున్నారు. అది ఆకుపచ్చ బెరిల్ మాత్రమే, ధరలో బోలెడు తేడా. బెరిల్ అన్న ఇంగ్లీషు పేరు కూడా మన వైపునుంచే వెళ్లింది. ప్రాకృతంలో వేరుళియ, సంస్కృతంలో వైడూర్యం. ఇప్పుడు నవరత్నాల్లో వైడూర్యం అని కట్టించుకునే పిల్లికన్ను రాయి మాత్రం వేరే ఖనిజం.

గుర్తుపట్టడానికి ఇంట్లో ఉన్న పెన్సిల్ చాలు. చెక్కని కొత్త పెన్సిల్‌ను నిలబెట్టి చూడండి. ఆరు పలకలు, పైన చదునుగా కోసినట్టు. చక్కగా పెరిగిన బెరిల్ అలాగే ఉంటుంది. పలుగురాయి స్ఫటికానికీ ఆరు పలకలే గానీ, దానికి పైన మొన తేలుతుంది, పలకల మీద గీతలు అడ్డంగా ఉంటాయి. బెరిల్ మీద గీతలుంటే నిలువుగా ఉంటాయి. టూర్మలిన్ అనే మరో ఖనిజానికీ నిలువు గీతలే, కానీ అడ్డంగా కోసినట్టు చూస్తే ఉబ్బిన ముక్కోణంలా ఉంటుంది. అపటైట్ అనే ఖనిజం అచ్చం బెరిల్‌లా కనిపించి మోసం చేస్తుంది. దాన్ని చాకు మొనతో గీస్తే గీత పడుతుంది, బెరిల్ మీద పడదు. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు చెప్పే మోస్ కొలతలో బెరిల్‌ది 7.5 నుంచి 8, అపటైట్‌ది 5. ఈ పరీక్ష విరిగిన అడుగు భాగం మీదే చేయండి, మంచి పలక మీద ఎప్పుడూ వద్దు. చేత్తో బరువు చూసి బెరిల్‌నీ పలుగురాయినీ వేరుచేయలేం, రెండూ దాదాపు ఒకే సాంద్రత.

మొదట మసకగా ఉండే మామూలు బెరిల్ ఒకటి కొనండి. నెల్లూరు మైకా ప్రాంతంలోనో, రాజస్థాన్‌లోనో, జార్ఖండ్‌లోనో దొరికినదైతే చాలు, వందల్లోనే వస్తుంది. నెల రోజులు దాన్ని రోజూ చేతిలో తిప్పి చూడండి. పలకలు కలిసే అంచు ఎంత వాడిగా ఉంటుందో వేలికి తెలియాలి. ఆ తర్వాత అక్వామెరైన్‌కు వెళ్లండి. మన దేశంలో ఒడిశాలోనూ, తమిళనాడులో కాంగేయం దగ్గరా దొరుకుతుంది. కాంగేయం దగ్గర పడియూరులో 1819 ప్రాంతంలోనే బెరిల్ గని తవ్వారు. పాకిస్తాన్‌లోని షిగర్ లోయ అక్వామెరైన్లు తెల్లటి ఫెల్డ్‌స్పార్ అనే రాయి మీద, కాకిబంగారం రేకుల మధ్య నిలబడి ఉంటాయి. ఫొటోలో చూసినా ఊపిరి ఆగుతుంది.

అక్వామెరైన్ కొనేటప్పుడు రంగును అన్నిటికంటే చివర చూడండి. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో ముందు పై చదును అంచు చుట్టూ మొత్తం చూడాలి. అక్కడ పెచ్చు ఊడితే విలువ సగం పోతుంది. తర్వాత పలకలు. నా దగ్గరున్న నలభై ఆరో నంబరు వేలెడంత అక్వామెరైన్. దాన్ని దీపం కింద మెల్లగా తిప్పితే పలకల మీద చిన్న చిన్న గుంటలు, దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి. రాయి పెరిగాక వేడి ద్రవాలు తినేసిన గుర్తులవి. వాటిని చూస్తే నాకు ధైర్యం, ఎవరూ సాన పట్టలేదని. అద్దంలా మెరిసే పలక, గుండ్రమైన అంచు, ఒకే దిక్కున సన్నటి సాన గీతలు కనిపిస్తే విరిగిన ముక్కను సాన పట్టి స్ఫటికంలా అమ్ముతున్నారన్నమాట.

ముదురు నీలం బెరిల్ తక్కువ ధరకు వస్తే ఆగండి. రేడియేషన్ పెట్టి తెచ్చే ఆ రంగు ఎండలో వెలిసిపోతుంది. బ్రెజిల్‌లోని మషీషె గనిలో 1917లో దొరికిన నీలం బెరిల్‌కూ అదే జరిగింది. అసలు అక్వామెరైన్ రంగు ఎండకు చెదరదు.

ఇక పచ్చ. మన దేశంలో 1943లో ఉదయపూర్ వైపు కాలిగుమాన్ దగ్గర పచ్చలు బయటపడ్డాయి. అక్కడి పచ్చలు మైకా షిస్టు అనే పొరల నల్లరాయిలో ఉంటాయి. జైపూర్‌లో ఒక వ్యాపారి దగ్గర అలాంటిది ఆరు వేలు పెట్టి కొన్నాను. నల్లరాయి మీద మూడు పచ్చటి స్ఫటికాలు, ముచ్చటగా ఉంది. ఇంటికొచ్చి రాత్రి సబ్బునీళ్లలో వేశాను. తెల్లారేసరికి రెండు స్ఫటికాలు గిన్నె అడుగున ఉన్నాయి. రాయి మీద అవి ఉన్నచోట గుండ్రటి గుంటలు, జిగురు, దానిపై అద్దిన మైకా పొడి. స్ఫటికాలు నిజమైనవే, రంగు మాత్రం పగుళ్లలోకి ఎక్కించింది. అసిటోన్‌లో (గోళ్ల రంగు తుడిచే ద్రవం) ముంచిన దూదితో తుడిస్తే దూది పచ్చబడింది. ఆ రోజు నాకు కలిగిన బాధ డబ్బు గురించి కాదు, నెల రోజులు కలలు కన్న రాయి అది.

అప్పటినుంచి జేబులో చిన్న యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి లేకుండా పచ్చ చూడటానికి వెళ్లను. షాపులో కాస్త చీకటి మూలకు తీసుకెళ్లి, స్ఫటికం రాయితో కలిసే చోట వెలుగు పెట్టండి. జిగురు చాలాసార్లు పాలరంగులోనో నీలంగానో వెలుగుతుంది. రాయిలో పెరిగిన స్ఫటికమైతే మైకా రేకులు దాని చుట్టూ ఒంగి, కొన్ని లోపలికి కూడా చొచ్చుకొని ఉంటాయి. లోపల గుండ్రటి గాలిబుడగలుంటే అది గాజు.

మీరే వెళ్లి ఏరాలనుకుంటే గని లీజుదారు అనుమతి లేకుండా చిన్న ముక్క కూడా తీయొద్దు. బెరిల్ 2023 వరకు అణు ఖనిజాల జాబితాలో ఉండేది. ఇప్పుడు కీలక ఖనిజాల్లో ఉంది. పాత మైకా గోతుల్లోకి అసలు దిగకండి. గోడలు ఎప్పుడు కూలతాయో చెప్పలేం, నీళ్ల లోతూ తెలియదు. అనుమతి ఉన్న దిబ్బ మీద వాన పడిన మర్నాడు వెతకండి, మట్టి కడిగిపోయి పలకలు మెరుస్తాయి. రాయిలో ఇరుక్కున్న స్ఫటికాన్ని గునపంతో పెకలించొద్దు, అడ్డంగా రెండు ముక్కలవుతుంది. చుట్టూ ఉన్న ఫెల్డ్‌స్పార్‌ను దూరం నుంచి కొడుతూ రండి. ఇంట్లో పొడిగా కోయడం, అరగదీయడం చేయకండి. బెరిల్‌లో బెరిలియం అనే లోహం ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు.

శుభ్రానికి సబ్బునీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. అక్వామెరైన్ మీద తుప్పు మరకలుంటే ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కొన్ని రోజులు ఉంచుతాను. ప్లాస్టిక్ డబ్బా, చేతికి గ్లవ్స్, ఆరుబయట, పిల్లలకు అందని చోట. అది విషం. తర్వాత అంతకు రెట్టింపు రోజులు మంచినీళ్లు మారుస్తూ నానబెట్టాలి. పచ్చకు మాత్రం ఇవేవీ వద్దు. వాటి పగుళ్లలో చాలావరకు నూనె పట్టించి ఉంటారు. వేడినీళ్లు, అసిటోన్, శబ్ద తరంగాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషీన్, ఏది తగిలినా నూనె పోయి పగుళ్లు బయటపడతాయి. కొలంబియా పచ్చ తెల్లటి కాల్సైట్ రాయి మీద ఉంటే ఆమ్లం ఆ కాల్సైట్‌నే కరిగించేస్తుంది. తడిగుడ్డతో తుడిచి వదిలేయండి.

కొన్న రోజే చీటీ రాయండి: గని, ఊరు, జిల్లా, తేదీ, ఎవరి దగ్గర, ఎంతకు. ఊరు తెలియని స్ఫటికానికి సేకరణలో సగం విలువే. నా ఒకటో నంబరు చీటీలో గని పేరు ఖాళీగా ఉంది. నాన్న ఉన్నప్పుడు అడగలేదు. రాయి అడుగున గోటి అంత తెల్ల రంగు వేసి, ఆరాక నల్ల ఇంకుతో నంబరు రాసి, పైన ఒక పూత గోళ్ల రంగు వేస్తాను. ఎప్పుడైనా చీటీ పోయినా, అదే నంబరుతో వివరాలు రాసిపెట్టిన నోట్‌బుక్‌లో చూసుకోవచ్చు. అక్వామెరైన్లను పుష్యరాగం, కెంపుల పక్కన పెట్టొద్దు, అవి గీస్తాయి. ఒక్కోదానికి ఒక్కో అట్టపెట్టె, అడుగున దూది కాదు, ఫోమ్. దూది పోగులు పలకల పగుళ్లలో చిక్కుకుంటాయి.