ఓసీడీ ఉన్నప్పుడు చిన్న నిర్ణయాలు తీసుకోవడం ఎలా

పోయిన కార్తీకంలో తెల్లారి నాలుగున్నరకి కొండకి బయల్దేరాల్సినవాణ్ని, ఏడయినా తిరుపతిలో మా ఇంటి గుమ్మంలోనే ఉన్నాను. అలిపిరి నుంచి ఎక్కాలా, శ్రీవారి మెట్టు నుంచా? అటు 3,550 మెట్లు, ఇటు సుమారు 2,400. ఒకటి అనుకోగానే 'ఆ దారిలో ఏమైనా అయితే?' అని లోపల మొదలు. నాలుగోసారి ఫోన్ చేస్తే అక్క 'ఏందిరా నాయనా, ఎటుపోయినా ఉండేది ఆ స్వామే కదా' అని పెట్టేసింది.

ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే మానసిక జబ్బు) అంటే చేతులు కడగడమే అనుకుంటారు జనం. సందేహమే దాని అసలు పని. నూటికి నూరుపాళ్లు ఖాయమైతేనే కదులుతానంటుంది, కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పినా పది నిమిషాలకి మళ్లీ 'నిజమేనా' అంటుంది. కాబట్టి ఇంకాస్త ఆలోచిస్తే తేలుతుందనుకోవద్దు. ఆ ఆలోచించడం, అడగడం, ఫోన్లో వెతకడం కూడా చేతులు కడగడం లాంటివే.

చిన్నవాటితో మొదలుపెట్టండి. ఏ చొక్కా, ఇడ్లీనా దోసెనా, అలాంటివి. రెండు నిమిషాల టైమర్ పెట్టండి, మోగేలోపు తేలకపోతే చేతికి దగ్గరున్నదే తీసుకుని, 'ఇది తప్పే కావచ్చు' అనుకుంటూనే తొడుక్కోండి. అసలు కష్టం ఆ తర్వాతే, మార్చుకొద్దామని ప్రాణం లాగేస్తుంది. వెనక్కి వెళ్లొద్దు, ఎవర్నీ అడగొద్దు. మొదటిసారి లీలామహల్ సర్కిల్ దాటేదాకా ఆ నీలం చొక్కా నాకు ఒంటి మీద మంటలా ఉండింది, పనిలో పడ్డాక ఎప్పుడు తగ్గిందో తెలీలేదు. (రోజూ అంత సులువుగా తగ్గదు, అది వేరే సంగతి.) దీన్నే మెట్టు మెట్టుగా చేయించే చికిత్సని ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అంటారు.

ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, అదే ప్రశ్న రెండోసారి అడిగితే జవాబివ్వొద్దని. 'ఏం కాదులే' అనడం ప్రేమే, కానీ జబ్బుకి అదే మేత. మా అక్క ఇప్పుడు 'నాకు తెల్దురా' అంటుంది. మొదట్లో ఒళ్లు మండేది.

పెళ్లి, ఉద్యోగం లాంటివాటికి టైమర్ పనికిరాదు. ఒక తేదీ పెట్టుకుని, ఒక్కరితో ఒక్కసారి మాట్లాడి, తేల్చి, కాగితం మీద రాసి మడిచేయండి.

రోజులో గంటకి పైగా ఇందులోనే పోతుంటే డాక్టర్ని కలవండి, తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉంది. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. మందులు రాస్తే పనితనం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, వారానికే మానేయకండి.

ఆ రోజు నేను కొండకే పోలేదు. మొన్న మాత్రం ముందురోజు రాత్రే క్యాలెండర్ మీద 'అలిపిరి' అని రాసి పడుకున్నా. గాలిగోపురం దగ్గర శ్రీవారి మెట్టే నయమేమో అనిపించింది, అలా అనిపిస్తుండగానే ఎక్కుతూ పోయాను.