ఇరవయ్యో స్థానం నుంచి ఒకటో స్థానం దాకా: పాప్ కల్చర్ ఘట్టాల కౌంట్‌డౌన్‌ను రూపొందించడం ఎలా?

పాటల కౌంట్‌డౌన్ నడిపేవారికి ఒక వెసులుబాటు ఉంటుంది. అమెరికాలో 1935లో రేడియోలో మొదలై 1950లో టెలివిజన్‌కు వచ్చిన ‘యువర్ హిట్ పరేడ్’ అయినా, 1970 జూలైలో కేసీ కేసెమ్ గొంతుతో రేడియోలో మొదలైన ‘అమెరికన్ టాప్ 40’ అయినా, ఆ వారం ఏ పాట ఎన్నో స్థానంలో ఉందో తేల్చే లెక్క ఒకటి వాటి వెనుక ఉండేది. పాప్ కల్చర్ ఘట్టాలకు అటువంటి లెక్క ఎక్కడా సిద్ధంగా ఉండదు. ఒక అవార్డుల వేదిక మీద జరిగిన పొరపాటుకూ, ఒక గాయకుడు వేసిన అడుగుకూ, ఒక ధారావాహిక చివరి భాగానికీ మధ్య ఎక్కువ తక్కువలు నిర్ణయించే కొలత కార్యక్రమాన్ని తయారుచేసే బృందమే సమకూర్చుకోవాలి. ఆ కొలతను ముందుగా కాగితం మీద పెట్టకుండా జాబితా రాయడం మొదలుపెట్టిన బృందాలు చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వారి ఇష్టానికే తలొగ్గుతాయి. అందుకే ఈ వివరణలో ఎక్కువ భాగం ఎంపికకూ వరుసకూ కేటాయిస్తున్నాను. గ్రాఫిక్స్, నేపథ్య సంగీతం, ప్రోమో వంటివి ముఖ్యమే గాని, జాబితా బలహీనంగా ఉన్నప్పుడు అవేవీ దానిని నిలబెట్టలేవు.

మొదట ‘ఘట్టం’ అంటే ఏమిటో బృందమంతా ఒక మాట మీదకు రావాలి. ఒక కళాకారుడి జీవితం ఘట్టం కాదు, ఒక దశాబ్దపు వేషధారణ ఘట్టం కాదు, ఒక ధారావాహికకు వచ్చిన ఆదరణ కూడా ఘట్టం కాదు. ఘట్టానికి ఒక తేదీ ఉండాలి, అది జరిగిన చోటు ఉండాలి, తెర మీద నిలిపి చూపగలిగిన ఒక దృశ్యం ఉండాలి. ‘మైకేల్ జాక్సన్ ప్రభ’ అని రాసుకుంటే అది వ్యాసానికి పనికొస్తుంది. మోటౌన్ అనే రికార్డుల సంస్థ ఇరవై ఐదేళ్ల వేడుకలో ఆయన మూన్‌వాక్ (ముందుకు నడుస్తున్నట్టు కనిపిస్తూ వెనక్కి జారే అడుగు) చేసిన కొన్ని క్షణాలు అని రాసుకుంటే అది కౌంట్‌డౌన్‌కు పనికొస్తుంది. జాబితాలోకి వచ్చే ప్రతి ప్రతిపాదనను ఈ జల్లెడలో పోస్తే సగానికి సగం అక్కడే ఆగిపోతాయని నా అనుభవం.

వార్తకూ పాప్ కల్చర్‌కూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది రెండో చిక్కు. 1994 జూన్ 17న హత్య కేసులో నిందితుడైన మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ ఉన్న కారును పోలీసులు వెంబడించిన దృశ్యాన్ని అమెరికాలో దాదాపు 9.5 కోట్ల మంది చూశారు. ఎన్‌బీసీ టెలివిజన్ సంస్థ ఆ రాత్రి బాస్కెట్‌బాల్ ఫైనల్ మ్యాచ్‌ను తెర మూలన చిన్న పెట్టెలోకి నెట్టి మరీ దానిని చూపింది. నేరవార్త అందరూ కలిసి చూసే ప్రదర్శనగా మారిన తీరు కనుక ఇది జాబితాలో ఉండదగినదే. కాని దాని వెనుక ఇద్దరి హత్య ఉంది, ఆ రెండు కుటుంబాలు ఉన్నాయి. అటువంటి ఘట్టాన్ని తీసుకున్నప్పుడు హాస్యం పలికే బైట్లు (కెమెరా ముందు చెప్పించే చిన్న వ్యాఖ్యలు), ఉత్సాహం రేపే సంగీతం అక్కడ ఉండకూడదని స్క్రిప్టు మొదటి ప్రతిలోనే రాసిపెట్టుకోవాలి. ఆ నియమాన్ని పాటించలేమని అనిపిస్తే ఆ ఘట్టాన్ని వదిలేయడం మేలు.

ఇక కొలత విషయం. నేను నాలుగు ప్రశ్నలతో నూటికి మార్కులు వేస్తాను: ఆ ఘట్టం తర్వాత ఏం మారింది అన్నదానికి 40, ఎంతకాలం గుర్తుండిపోయింది అన్నదానికి 30, ఆనాడు ఎంతమందికి చేరింది అన్నదానికి 20, ఆ దృశ్యానికి దానంతటదే ఉన్న బలానికి 10. వీక్షకుల సంఖ్యకు ఇంత తక్కువ విలువ ఎందుకని కొత్తవారు అడుగుతారు. అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా పోల్చదగినవి కావన్నదే నా జవాబు. 1964 ఫిబ్రవరి 9న ‘ఎడ్ సలివన్ షో’ అనే టెలివిజన్ కార్యక్రమంలో బ్రిటిష్ సంగీత బృందం బీటిల్స్ కనిపించినప్పుడు చూసినవారు సుమారు 7.3 కోట్లు. 1983 ఫిబ్రవరి 28న ‘మ్యాష్’ ధారావాహిక చివరి భాగాన్ని చూసినవారు సుమారు 10.6 కోట్లు. 2010 సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మ్యాచ్‌ను చూసినవారు 10.65 కోట్లు. అంకెల వరుసలో మూడోదే పైన నిలుస్తుంది. అయితే అమెరికా జనాభా 1964లో దాదాపు 19 కోట్లు, 1983లో 23.4 కోట్లు, 2010లో 30.9 కోట్లు. ఆ లెక్కన బీటిల్స్‌ను చూసినవారు జనాభాలో 38 శాతం, ధారావాహిక చివరి భాగాన్ని చూసినవారు 45 శాతం, ఫుట్‌బాల్ మ్యాచ్‌ను చూసినవారు 34 శాతం. వరుస పూర్తిగా తారుమారయింది. కనుక వీక్షకుల సంఖ్యను ఎప్పుడూ ఆనాటి జనాభాతో భాగించి చూడాలి. ఇంటర్నెట్‌లో ఒకే మనిషి పదిసార్లు చూస్తే పది వీక్షణలుగా లెక్కకెక్కే కాలపు అంకెలను పాత టెలివిజన్ అంకెల పక్కన అసలు పెట్టకూడదు.

దీనికి ఎదురు ఉదాహరణ పాటల వీడియోల ఛానెల్ ఎమ్‌టీవీ ఆరంభం. 1981 ఆగస్టు 1న, అర్ధరాత్రి దాటిన తొలి నిమిషంలో ఆ ఛానెల్ మొదలైనప్పుడు అది చేరిన ఇళ్లు చాలా తక్కువ. వీక్షకుల ప్రశ్నకు దానికి రెండు మూడు మార్కులకు మించి రావు. కాని పాట అంటే వినేది మాత్రమే కాదు, చూసేది కూడా అన్న అలవాటు ఎంత వేగంగా స్థిరపడిందో గుర్తు చేసుకుంటే, తర్వాతి మార్పుకు సంబంధించిన 40లో దానికి పెద్ద భాగమే దక్కుతుంది. ఇటువంటి ఘట్టాలను పైకి తేగలిగినదే మంచి కొలత అని నా నమ్మకం.

మార్కులు ఒక్కరే వేయకూడదు. వేర్వేరు వయసుల వారు కనీసం ఐదుగురు, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా వేసి, ఆ తర్వాత కూర్చుని తేడాలు ఎక్కువగా ఉన్నచోట మాత్రమే చర్చించాలి. రెండేసి ఘట్టాలను ఎదురెదురుగా పెట్టి ఏది గొప్పదో తేల్చే పద్ధతి కూడా మంచిదే గాని, ఇరవై ఘట్టాలకు 190 జతలు, యాభైకి 1,225 జతలు అవుతాయి. కాబట్టి ముందుగా జాబితాను పై, మధ్య, కింది గంపలుగా విడదీసి, పై గంపకే ఈ పద్ధతి వాడాలి. ప్రేక్షకుల ఓట్లు తీసుకునేటట్లయితే వాటిని ఐదుగురితో పాటు ఆరో వ్యక్తి మార్కులుగా లెక్కించడం క్షేమం, ఎందుకంటే ఓట్లు ఎప్పుడూ నిన్నమొన్నటి ఘట్టాల వైపు మొగ్గుతాయి. అభిమానులు సంఘటితంగా ఓట్లు వేస్తే జాబితా ఒక్కరి ఊరేగింపుగా మారుతుంది.

వరుస కుదిరిన తర్వాత అసలు ప్రలోభం ఎదురవుతుంది. మూడు అవార్డుల వేడుకలు పక్కపక్కన వచ్చాయి, చూడటానికి విసుగు, ఒకదాన్ని అయిదు మెట్లు కిందికి దించుదాం అని ఎడిటర్ అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది గాని, ఒకే మార్కులు లేదా ఒకటి రెండు మార్కుల తేడా ఉన్నవాటి మధ్య మాత్రమే స్థానాలు మార్చే స్వేచ్ఛ తీసుకోవాలి. అంతకు మించితే మనం పెట్టిన కొలతను మనమే కాదన్నట్టు. క్లిప్ హక్కులు దొరకలేదని స్థానం తగ్గించడం అంతకంటే పెద్ద తప్పు. క్లిప్ లేకపోతే ఫొటో చూపవచ్చు, ఆనాటి పత్రిక పుట చూపవచ్చు, అక్కడ ఉన్న మనిషి మాటల్లో చెప్పించవచ్చు.

హక్కుల పనిని స్క్రిప్టు పూర్తయ్యే దాకా ఆపకుండా, మొదటి పది స్థానాలు ఖాయమైన రోజునే మొదలుపెట్టాలి. క్లిప్‌లో దృశ్యానికి ఒక హక్కుదారు, అందులో వినిపించే పాట రచనకు మరొకరు, ఆ రికార్డింగ్‌కు ఇంకొకరు ఉండవచ్చు. ఒకరి అనుమతి దొరికితే మిగతావారిది దొరికినట్టు కాదు. విమర్శ కోసం కొన్ని క్షణాలు వాడుకోవడాన్ని కొన్ని దేశాల చట్టాలు అనుమతిస్తాయి గాని, దానికి ఇన్ని సెకన్లని అన్నిచోట్లా చెల్లే పరిమితి ఏదీ లేదు. న్యాయవాదిని అడగకుండా ఆ మాట మీద ఆధారపడకూడదు.

సమయాన్ని సెకన్లలో లెక్కవేయాలి. గంట నిడివి గల కార్యక్రమంలో ప్రకటనలు పోగా దాదాపు 43 నిమిషాలు, అంటే 2,580 సెకన్లు మిగులుతాయనుకుందాం. ఇరవై ఘట్టాలకు సమానంగా పంచితే అంతా ఒకే ఊపులో సాగి, పైకి ఎక్కుతున్న భావన కలగదు. కింది పదింటికి 80 సెకన్ల చొప్పున 800, తర్వాతి ఆరింటికి 130 చొప్పున 780, చివరి నాలుగింటికి 200 చొప్పున 800 ఇస్తే మొత్తం 2,380 అవుతుంది. మిగిలిన 200 సెకన్లు ఆరంభానికి, ముగింపుకు, బ్రేక్‌కు ముందు వచ్చే టీజర్లకు సరిపోతాయి. యాభై ఘట్టాలు చేయాలని ఉంటే దానిని రెండు మూడు భాగాలుగా విడదీయాలి తప్ప ఒక్క గంటలో కుక్కకూడదు. యాభై సెకన్లలో ఏ ఘట్టానికీ కారణం చెప్పలేము, కారణం చెప్పలేని కౌంట్‌డౌన్ ఉత్త క్లిప్పుల దండ అవుతుంది.

ఒక్కొక్క సెగ్మెంట్‌లో దృశ్యం కంటే ముందు సందర్భం రావాలి. 2017 ఫిబ్రవరి 26న ఆస్కార్ వేదిక మీద ఉత్తమ చిత్రంగా పొరపాటున వేరే చిత్రం పేరు ప్రకటించిన ఘట్టాన్ని తీసుకుందాం. వేదికకు రెండు వైపులా ఒక్కొక్క పూర్తి కవర్ల కట్ట ఉంటుందని, ఒక వైపు నుంచి కవరు ఇస్తే రెండో వైపున దాని జోడు మిగిలిపోతుందని ముందుగా చెప్పాలి. అప్పుడు ఉత్తమ నటి అవార్డుకు చెందిన జోడు కవరు ఉత్తమ చిత్రాన్ని ప్రకటించేవారి చేతికి చేరిన క్షణం ప్రేక్షకుడికి పూర్తిగా అర్థమవుతుంది. ఆ తర్వాతే క్లిప్. అది ఇరవై సెకన్లు చాలు. క్లిప్ తర్వాత ఆనాటి జనం ఏమనుకున్నారన్నది, చివరగా కవర్లు అందించే నియమాలు మరుసటి ఏడాది ఎలా బిగిశాయన్నది. సెగ్మెంట్ ముగిసేలోపు ఈ స్థానం ఎందుకు ఇచ్చామో వాయిస్ ఓవర్‌లో ఒక్క పూర్తి వాక్యం ఉండాలి. ఆ వాక్యం రాయడానికి రచయిత తడబడుతున్నారంటే తప్పు రచయితది కాదు, స్థానానిది.

బైట్ల కోసం మూడు రకాల మనుషులు కావాలి: అక్కడ ఉన్నవారు, ఇంట్లో కూర్చుని చూసినవారు, ఆ రంగాన్ని చాలాకాలంగా పరిశీలిస్తున్నవారు. మొదటి రకం వారు ఒక్కరు దొరికినా మిగతా పదిమంది అభిప్రాయాల కంటే విలువైనవారే. వారిని ‘దీని ప్రాముఖ్యం ఏమిటి?’ అని అడగకూడదు. ‘అప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారు, మొదట ఏం వినిపించింది, పక్కన ఉన్నవారు ఏం చేశారు?’ అని అడగాలి. ఏ ఘట్టానికి ఏ స్థానం వచ్చిందో మాట్లాడేవారికి ముందుగా చెప్పకూడదు. చెబితే ఆ స్థానాన్ని సమర్థించే మాటలే వస్తాయి.

నిజనిర్ధారణలో రెండు చోట్ల ఎక్కువగా జారతాము. ఒకటి తేదీ. మూన్‌వాక్ ప్రదర్శన రికార్డయినది 1983 మార్చి 25న, ప్రసారమైనది మే 16న. రెండూ సరైన తేదీలే గాని, దేశం చూసినది రెండో తేదీన. మన కొలత జనం చూసిన క్షణానిది కాబట్టి తెర మీద ప్రసార తేదీ వేసి, రికార్డింగ్ సంగతి వాయిస్ ఓవర్‌లో చెప్పాలి. రెండోది ‘మొట్టమొదటిసారి’ అనే మాట. మూన్‌వాక్ అడుగును జాక్సన్ కనిపెట్టలేదు. బిల్ బెయిలీ వంటి నర్తకులు అంతకు దశాబ్దాల ముందే వేశారు. ఆ సంగతి చెప్పినందువల్ల ఘట్టం చిన్నబోదు, పైగా పాతతరం కళాకారులకు దక్కవలసిన పేరు దక్కుతుంది.

అవమానం జరిగిన ఘట్టాలను చాలా జాగ్రత్తగా తీసుకోవాలి. 2004 ఫిబ్రవరి 1న సూపర్ బౌల్ విరామ ప్రదర్శనలో గాయని జానెట్ జాక్సన్ దుస్తులు తొలగిన క్షణం ఒక సెకను కూడా లేదు. దాని తర్వాత అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ, ఆ మ్యాచ్‌ను చూపిన సీబీఎస్ టెలివిజన్ సంస్థకు 5,50,000 డాలర్ల జరిమానా వేసింది, ఆ జరిమానాను తర్వాత న్యాయస్థానం కొట్టివేసింది. ఆ క్లిప్ వెతికితే దొరకకపోవడం కూడా యూట్యూబ్ ఆలోచనకు ఒక కారణమని దాని స్థాపకుల్లో ఒకరైన జావేద్ కరీం చెప్పారు. మార్పు లెక్కన ఇది పై స్థానాలకు తగినదే. కాని ఆనాటి నింద చాలావరకు ఆమె ఒక్కరి మీదే పడింది, వేదిక పంచుకున్న గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్ 2021లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ పదిహేడేళ్ల కథ చెప్పకుండా ఆ క్షణాన్ని మాత్రమే మళ్లీ మళ్లీ చూపించే కార్యక్రమం పాత అన్యాయాన్ని తిరిగి ప్రసారం చేస్తున్నట్టే. దృశ్యాన్ని ఒక్కసారైనా చూపనవసరం లేదు. అది ఏమిటో అందరికీ తెలుసు.

బ్రేక్‌కు ముందు అంకె ఒక్కటే తెర మీద వేసి ఆపడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది. టీజర్‌లో దృశ్యం చూపకుండా శబ్దం మాత్రం వినిపిస్తే ఇంకా బాగుంటుంది. కష్టమైనది రెండో స్థానం. అది వెల్లడి కాగానే, ఇంతవరకు రాని పెద్ద ఘట్టం ఏదో ప్రేక్షకుడు లెక్కవేసుకుని ఒకటో స్థానాన్ని ఊహించేస్తాడు. కాబట్టి మూడో స్థానం పూర్తయ్యాక, మిగిలిన రెండు ఘట్టాల పేర్లు బయటపెట్టి, రెండింటి మధ్య న్యాయనిర్ణేతలు ఎక్కడ విభేదించారో ఒక నిమిషం చూపించడం మంచిదని నా అభిప్రాయం. ఏవి అన్న ప్రశ్న పోయి, ఏది ముందు, ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న మీద ప్రేక్షకుడు చివరి బ్రేక్ అయ్యేదాకా కూర్చుంటాడు.

కౌంట్‌డౌన్ కార్యక్రమాలు పునఃప్రసారంలో ఏళ్ల తరబడి తిరుగుతాయి. ఈ జాబితా ఏ నెల, ఏ సంవత్సరం వరకు జరిగిన ఘట్టాలను పరిగణించిందో ఆరంభంలోనే తెర మీద వేయాలి. మార్కుల పట్టికను, ఎవరు ఎంత వేశారన్న వివరంతో సహా, మాస్టర్ కాపీతో పాటు భద్రపరచాలి. కొన్నేళ్ల తర్వాత జాబితాను సవరించమని అడిగినప్పుడు, మళ్లీ మొదటి నుంచి వాదించుకోకుండా, ‘ఎంతకాలం గుర్తుండిపోయింది’ అన్న ఒక్క గడిలోని 30 మార్కులను మాత్రం తిరగరాసి చూడవచ్చు.