పిల్లలు రాసిన సూచనలకు మార్కులు వేసే ముందు వాటి ప్రకారం ఒకసారి చేసి చూశారా?

6, 7, 8 తరగతుల పిల్లల చేత ‘ఇది ఎలా చేయాలి’ తరహా రాతలు రాయించి దిద్దే టీచర్ల కోసం ఇది. రూబ్రిక్ (దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) తయారు చేయడం, మార్కులు విభజించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: అందరికీ 10కి 7, 8 వస్తున్నాయి, కానీ ఆ కాగితం పట్టుకుని ఎవరూ పని పూర్తి చేయలేరు

కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. కాగితం చదివి మార్కులు వేశారు, అందులో ఉన్నట్టు చేసి చూడలేదు. వ్యాసాలు దిద్దీ దిద్దీ మన కళ్ళు దస్తూరి మీదకి, అక్షరదోషాల మీదకి పోతాయి. ‘టార్చిలో బ్యాటరీలు పెట్టి మూత బిగించాలి’ అన్న వాక్యంలో తప్పే కనిపించదు. అదే టార్చి చేతిలో పెట్టుకుని చదివితే, పాత బ్యాటరీలు తీయమని చెప్పలేదని, ప్లస్ వైపు ఎటు ఉండాలో లేదని వెంటనే తెలిసిపోతుంది. అన్ని కాగితాలకూ టైమ్ లేకపోతే నాలుగైదింటికైనా చేసి చూడండి. రాసిందే చేయండి, రాయనిది చేయకండి. ఈ చిన్న పని వదిలేసి రూబ్రిక్‌ను పదిసార్లు మార్చేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సమస్య: పిల్లల చేతే చేయించి చూశాను, అందరికీ వచ్చింది, అయినా సూచనలు బాగాలేవు

నేను గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఒకసారి కాగితంతో కవరు తయారు చేయడం ఎలాగో రాయమన్నాను. జతలుగా కూర్చోబెట్టి ఒకరి కాగితం ఇంకొకరికి ఇచ్చాను. అందరి కవర్లూ చక్కగా వచ్చాయి, నేను సంతోషంగా మార్కులు వేసేశాను. తర్వాత అవే కాగితాలు వేరే సెక్షన్‌కి ఇస్తే సగం మంది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. ఆ వాక్యం ఇది: ‘కాగితాన్ని సగానికి మడిచి, పక్కలు అతికించి, పైభాగం మడవాలి.’ సగానికి అంటే నిలువుగానా, అడ్డంగానా? పక్కలంటే ఏవి, జిగురు లోపల రాయాలా బయటా? ఒక అమ్మాయి తెరిచి ఉన్న మూడు పక్కలూ అతికించేసింది, ఉత్తరం పెట్టడానికి దారే లేకుండా పోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, కాగితంలో ఉన్నట్టే చేసింది.

మొదటి సెక్షన్ పిల్లలు అంతకు ముందు వారమే క్రాఫ్ట్ పీరియడ్‌లో కవర్లు చేశారు. వాళ్ళు సూచనలు చదివి చేయలేదు, గుర్తున్నది చేశారు. నేను పరీక్షించింది రాతను కాదు, జ్ఞాపకశక్తిని.

ఈ తప్పు దొరకకుండా పోవడానికి మన భాష కూడా ఒక కారణం. మడిచి, తిప్పి, కత్తిరించి, అతికించి అంటూ క్త్వార్థకాలు వరసగా పేర్చుకుంటూ పోతే నాలుగు మెట్లు ఒక్క వాక్యంలో దాక్కుంటాయి. పైగా తెలుగులో కర్మ చెప్పకపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది, ‘మడిచి తిప్పాలి’ అంటే దేన్ని తిప్పాలో పని తెలిసినవాళ్ళకి అడగాలనే అనిపించదు. అందుకే ఒక మెట్టుకి ఒకే క్రియ అని నియమం పెట్టండి, దేన్ని అన్న మాట తప్పకుండా ఉండాలనండి. ‘కొంచెం’, ‘తగినంత’ కనిపిస్తే అక్కడ కొలత రాయించండి.

పరీక్ష కూడా మార్చాలి. నేను ఇప్పుడు గళ్ళ కాగితం మీద 10 గళ్ళ వెడల్పు, 10 గళ్ళ ఎత్తులో గీసిన బొమ్మలు వాడుతున్నాను, తరగతిలో సగం మందికి ఒక బొమ్మ, మిగతా సగానికి ఇంకొకటి. ఎవరి బొమ్మకి వాళ్ళు సూచనలు రాస్తారు, ఆ బొమ్మ చూడని వాళ్ళు ఆ సూచనలు చదివి గీస్తారు. అసలు బొమ్మ బల్ల మీద ఉండకూడదు. రాసినవాళ్ళు పక్కన కూర్చోకూడదు కూడా, నోరు మెదపకపోయినా వాళ్ళ ముఖం చూసి అవతలివాళ్ళు పెన్సిల్ దిశ మార్చేస్తారు. గీసేవాళ్ళు ఎక్కడ ఆగిపోతే అక్కడ సూచన పక్కన చిన్న గీత పెట్టాలి, అడగకూడదు.

ఒక్కో కాగితాన్ని ఇద్దరికి ఇవ్వండి. ఇద్దరూ ఒకే చోట ఆగితే అది రాతలో లోపం, ఒక్కరే ఆగితే చదవడంలో పొరపాటు అయ్యుండొచ్చు. ఆ గీతలు చూసుకుని పిల్లలు మళ్ళీ రాయాలి, మార్కులు ఆ రెండో రాతకి వేయండి. మొదటిసారి ‘పై నుంచి మొదలుపెట్టాలి’ అని రాసిన అబ్బాయి రెండోసారి ‘పై ఎడమ మూల నుంచి కుడివైపు 3 గళ్ళు లెక్కపెట్టండి’ అని రాశాడు. నేను చూడాలనుకున్న ఎదుగుదల అదే.

సమస్య: సూచనలు రాయమంటే కథ రాస్తున్నారు

ప్రశ్న చూసుకోండి. ‘మీరు ఎలా చేశారో రాయండి’ అని అడిగితే ‘మొదట నేను కాగితం తీసుకున్నాను, నాకు చాలా ఆనందం వేసింది’ అనే రాస్తారు. ‘ఈ పని ఎప్పుడూ చేయనివాళ్ళు మిమ్మల్ని ఏమీ అడగకుండా చేయగలిగేలా రాయండి’ అని మార్చండి, చాలు.

సమస్య: ఒకే కాగితానికి ఒక టీచర్ 4, ఇంకొకరు 8 వేశారు

రూబ్రిక్‌లో ‘స్పష్టంగా ఉంది’ లాంటి మాటలు ఉన్నాయన్నమాట. కంటితో చూసి అవును, కాదు అని చెప్పగలిగేవి పెట్టండి: కావలసిన వస్తువులన్నీ మొదట్లోనే ఉన్నాయా, కొలతకి యూనిట్ ఉందా, జాగ్రత్త అవసరమైన మెట్టుకి ముందే హెచ్చరిక ఉందా. కత్తెరతో కోసేశాక ‘వేళ్ళు జాగ్రత్త’ అని చెప్తే ఏం లాభం? తర్వాత మూడు కాగితాలు ఇద్దరూ విడివిడిగా దిద్ది, తేడా వచ్చిన చోట మాట్లాడుకుని, ఆపైన మిగతావి మొదలుపెట్టండి.

పక్కవాళ్ళది చూసి రాయడం, బొమ్మకి పేర్లు పెట్టకపోవడం లాంటివీ ఉంటాయి, కానీ అరుదు. వేర్వేరు బొమ్మలు ఇస్తే మొదటిది చాలావరకు తగ్గిపోతుంది, రెండోది ఒకసారి చెప్తే సరిపోతుంది.